నలుగురి పేర్లు, ఒక ఊరి దాహం

రెండో ప్రపంచ యుద్ధం గురించి చదివే అలవాటున్న వాళ్ళు ‘మూర్ నడక’ అనే మాట ఎక్కడో ఒకచోట వినే వుంటారు. 1941 జనవరి చివరి రోజున లిబియా ఎడారిలో శత్రువు దాడి చేశాడు. లారీలు తగలబడ్డాయి. దళం వెనక్కి తగ్గింది. రాళ్ళ చాటున నలుగురు సిపాయిలు మిగిలిపోయారు. లొంగిపోతే నీళ్ళు దొరుకుతాయి. వాళ్ళు లొంగిపోలేదు. నడిచారు. ఆ నడక కథ ఇది.

ఈ కథని మేము గౌరవంతోనే చదివాం. మనిషి ప్రాణం ఎంత మొండిదో చెప్పే కథని మతం చూసి, దేశం చూసి పక్కన పెట్టే అలవాటు మాకు లేదు. కానీ పుస్తకం మూసిన తర్వాత ఒక ప్రశ్న మమ్మల్ని వదల్లేదు. అదే ఎడారిలో, సరిగ్గా పదేళ్ళ ముందు, అదే జనవరి నెలలో, ఇంతకన్నా ఎక్కువ దూరం నడిచిన వాళ్ళున్నారు. ఆడవాళ్ళు, పిల్లలు, ముసలివాళ్ళు. వాళ్ళ పేర్లేవి?

ముందు కథ చెప్పుకుందాం. ప్రశ్న దగ్గరకి తర్వాత వద్దాం.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగింది. లిబియా అప్పటికి ఇటలీ వలస. పక్కనున్న ఈజిప్టులో బ్రిటిష్ సైన్యం వుంది. తర్వాత మన దేశానికి వైస్రాయిగా వచ్చిన వేవెల్ అప్పుడు అక్కడ సేనాధిపతి. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే అధికారి ఆయన దగ్గరకి ఒక ఆలోచనతో వెళ్ళాడు. బాగ్నాల్డ్ యుద్ధానికి ముందే సెలవుల్లో మోటారు కార్లు వేసుకుని ఆ ఇసుక సముద్రంలో తిరిగినవాడు. శత్రువు వెనక వందల మైళ్ళ దూరం చొచ్చుకుపోయి, ఎక్కడ ఏం జరుగుతోందో చూసి రాగల చిన్న జట్లు కావాలన్నాడు. వేవెల్ ఒప్పుకున్నాడు. అలా పుట్టిందే లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్. మొదట్లో అందులో ఎక్కువమంది న్యూజిలాండ్ నుంచి వచ్చినవాళ్ళు.

వాళ్ళ పని పోరాడటం కన్నా చూడటం. లారీ ఇనుము పక్కన మామూలు దిక్సూచి తప్పు చూపిస్తుంది కాబట్టి, పుల్ల నీడతో దిక్కు చెప్పే సూర్య దిక్సూచి వాడేవాళ్ళు. రాత్రిపూట నక్షత్రాలని కొలిచి తామెక్కడున్నారో పటం మీద గుర్తు పెట్టుకునేవాళ్ళు. రేడియేటర్ నుంచి పోయే ఆవిరిని కూడా వదిలేవాళ్ళు కాదు. గొట్టంతో డబ్బాలోకి పట్టి, చల్లారిన నీళ్ళని మళ్ళీ ఇంజనుకే పోసేవాళ్ళు. ఆ ఎడారిలో నీటి బొట్టుకి అంత లెక్క.

1941 జనవరి 11న ఈ దళం ఫెజ్జాన్ ప్రాంతంలోని ముర్జుక్ మీద దాడి చేసి అక్కడి విమానాల స్థావరాన్ని తగలబెట్టింది. ఆ తర్వాత దక్షిణాన చాద్ వైపు నుంచి, ఫ్రెంచి అధికారి లెక్లెర్క్ కుఫ్రా మీదికి రావడానికి సిద్ధపడుతుంటే, అతని కంటే ముందు దారి చూసి రావడానికి ‘టి’ పెట్రోల్ అనే జట్టు బయల్దేరింది. పదకొండు లారీలు. నాయకుడు పాట్ క్లేటన్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి. మళ్ళీ వస్తుంది.

జనవరి 31న కుఫ్రాకి దక్షిణాన జెబెల్ షెరీఫ్ అనే కొండల దగ్గర ఇటలీ వాళ్ళ ఆటో సహారా కంపెనీ వాళ్ళని పట్టేసింది. నేల మీద తుపాకుల బళ్ళు, పైన విమానాలు. మూడు లారీలు అక్కడే తగలబడ్డాయి. బీచ్ అనే న్యూజిలాండ్ కార్పొరల్ చనిపోయాడు. క్లేటన్ గాయపడి ఖైదీగా చిక్కాడు. మిగిలిన లారీలు దక్షిణానికి తప్పించుకుని వెళ్ళాయి. కాలిన లారీల వాళ్ళు చనిపోయో పట్టుబడో వుంటారనుకున్నారు.

కానీ రాళ్ళలో నలుగురు బతికే వున్నారు. మూర్ న్యూజిలాండ్ వాడు. పాదంలో గాయం. ఈస్టన్, వించెస్టర్ బ్రిటన్ నుంచి వచ్చిన గార్డ్స్ సిపాయిలు. ఈస్టన్‌కి గొంతు దగ్గర గాయం. నాలుగోవాడు టై, బళ్ళు బాగుచేసే మెకానిక్కు. దగ్గర్లోని బిషారా బావిని ఇటలీ వాళ్ళు అప్పటికే రాళ్ళతో పూడ్చేశారు. చేతిలో వున్నది రెండు గ్యాలన్లు కూడా లేని నీళ్ళు. తిండి లేదనే చెప్పాలి. ఉత్తరాన కుఫ్రాకి వెళ్ళి చేతులెత్తితే ఖైదీలుగానైనా బతుకుతారు. వాళ్ళు తమ లారీల చక్రాల జాడ పట్టుకుని దక్షిణానికి నడిచారు.

జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆ ఎడారి పగలు కాలుస్తుంది, రాత్రి గడ్డకట్టిస్తుంది. వంతులేసుకుని గుక్కలు తాగారు. కొన్ని రోజులకి టై నడవలేకపోయాడు. అతని వాటా నీళ్ళు ఒక సీసాలో పోసిచ్చి మిగిలినవాళ్ళు సాగారు. ఇది దయలేనితనం అనిపించొచ్చు. ఎడారి లెక్క వేరు. ఒక్కరి కోసం ఆగితే నలుగురూ అక్కడే పోతారు. ఆ ముగ్గురు సర్రా అనే చోటుకి చేరారు. నాలుగు గుడిసెలు తప్ప అక్కడ ఏమీ లేదు. ఆగలేదు. వెనక ఒంటరిగా కాళ్ళీడ్చుకుంటూ టై కూడా సర్రా దాకా వచ్చాడు. కుఫ్రా వైపు దారి చూసి తిరిగొస్తున్న ఫ్రెంచి జట్టు ఫిబ్రవరి 9న అతన్ని అక్కడ చూసింది. టై వాళ్ళకి మొదట చెప్పిన మాట తన ముందు ముగ్గురున్నారనే.

ఆలోపే ఒక ఫ్రెంచి విమానం వాళ్ళని పైనుంచి చూసింది. నేల బాగాలేక దిగలేకపోయింది. తిండి సంచీ, నిమ్మరసం సీసా జారవిడిచింది. సంచీ దొరకలేదు. సీసా దొరికింది కానీ బిరడా వూడి రసమంతా ఇసుక పాలైంది. అడుగున కాస్త మిగిలింది. ఫిబ్రవరి 10న ఫ్రెంచి వాళ్ళు మొదట ఈస్టన్‌ని చూశారు. పడిపోయి వున్నాడు, ప్రాణం వుంది. ఆ సాయంత్రమే పోయాడు. ఇంకా ముందు వించెస్టర్, ఆ ముందు మూర్. గాయపడ్డ పాదంతో మూర్ ఇంకా నడుస్తూనే వున్నాడు. అప్పటికి సుమారు 210 మైళ్ళు నడిచాడు. తర్వాత అతనికి పతకం ఇచ్చారు. ఆ నడకకి అతని పేరు పెట్టారు.

ఇక్కడితో మామూలుగా ఈ కథ అయిపోతుంది. మాకు మాత్రం ఇక్కడే మొదలవుతుంది.

క్లేటన్ పేరు గుర్తు పెట్టుకోమన్నాం. యుద్ధానికి ముందు అతను ఈజిప్టు ప్రభుత్వ ఎడారి సర్వే శాఖలో దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేశాడు. జెబెల్ షెరీఫ్ దాకా దళాన్ని నడిపించిన ఎడారి జ్ఞానమంతా అక్కడ సంపాదించిందే. 1931లో పటాలు గీసే పనిలో వుండగా అతనికి ఎడారిలో జనం తారసపడ్డారు. సైనికులు కాదు. కుఫ్రా నుంచి పారిపోయి వస్తున్న కుటుంబాలు. దాహంతో చావబోతున్న మనుషులు. క్లేటన్ సర్వే పక్కన పెట్టాడు. తన కార్లతో వాళ్ళని వెతికి వెతికి నీళ్ళ దగ్గరకి చేర్చాడు. చాలామంది ప్రాణాలు దక్కాయి. ఒక బ్రిటిష్ ఉద్యోగి చేసిన ఈ మంచిపనిని మేము దాచిపెట్టం. మనిషితనానికి పాస్‌పోర్టు వుండదు.

కానీ ఆ జనం ఎవరు? ఎందుకు పారిపోతున్నారు?

కుఫ్రా చిన్న ఊరు. చుట్టూ వందల మైళ్ళు ఇసుక, మధ్యలో నీళ్ళు, ఖర్జూర చెట్లు. 1895లో సనూసీ తరీఖా పెద్ద సయ్యద్ ముహమ్మద్ అల్ మహదీ తన మకాం అక్కడికి మార్చాడు. అప్పట్నుంచి అది ఆ తరీఖాకి గుండెకాయ. సనూసీల జావియా అంటే ఒట్టి నమాజు చోటు కాదు. పిల్లలకి చదువు, బాటసారికి పడక, తగవులకి తీర్పు, వ్యాపారుల బిడారుకి విడిది. మన ఊళ్ళలో దర్గా పక్కన ముసాఫిర్‌ఖానా ఎలాంటిదో దానికన్నా పెద్ద ఏర్పాటు.

1911లో ఇటలీ లిబియా మీదికి వచ్చింది. ‘త్రిపోలీ’ అనే మాట అప్పుడు హిందూస్తాన్ ముస్లింల ఇళ్ళలోకి కూడా వచ్చింది. చందాలు పోగయ్యాయి. గాయపడ్డ యోధులకి నీళ్ళందిస్తూ చనిపోయిన ఫాతిమా బిన్త్ అబ్దుల్లా అనే చిన్నపిల్ల మీద ఇక్బాల్ కవిత రాశాడు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు సైరెనైకా జనం లొంగలేదు. ఉమర్ ముఖ్తార్ నాయకత్వంలో గుర్రాల మీద, కొండల్లోంచి పోరాడారు. గెలవలేక ఇటలీ వేరే దారి పట్టింది. 1930లో జావియాలు మూయించింది, వాటి ఆస్తులు లాక్కుంది. దాదాపు లక్షమందిని గొర్రెలతో, గుడారాలతో సహా తోలుకెళ్ళి ముళ్ళకంచెల మధ్య పెట్టింది. సోలూక్, అల్ మగ్రూన్, అల్ అఘేలా అనేవి ఆ శిబిరాల పేర్లు. అక్కడ చచ్చిపోయిన వాళ్ళు నలభై వేలని కొందరు, అరవై డెబ్బై వేలని కొందరు చెబుతారు.

1931 జనవరిలో గ్రాజియానీ సేనలు కుఫ్రాని పట్టుకున్నాయి. జువాయా తెగవాళ్ళు అడ్డం నిలబడి ఓడిపోయారు. ఊరు ఊరంతా ఎడారిలోకి పరుగెత్తింది. వెనకనుంచి విమానాలు వచ్చి ఆ పారిపోయే కుటుంబాల మీద కూడా బాంబులేశాయి. ఆగ్నేయంగా ఉవైనాత్ కొండల దాకా రెండు వందల మైళ్ళకి కాస్త తక్కువ. అక్కడి నుంచి ఈజిప్టులోని దఖ్లా ఒయాసిస్సుకి ఇంకో మూడు వందల మైళ్ళ పైచిలుకు. నీళ్ళు లేని దారి. మూర్ నడిచిన దూరం వాళ్ళకి తొలి మజిలీతో దాదాపు సమానం. మూర్ ఎదిగిన మగవాడు, శిక్షణ పొందిన సిపాయి. వాళ్ళ చేతుల్లో పసిపిల్లలు.

అదే సంవత్సరం సెప్టెంబరు 16న సోలూక్‌లో, శిబిరాల్లోని జనాన్ని నిలబెట్టి వాళ్ళ కళ్ళ ముందే, డెబ్బై దాటిన ఉమర్ ముఖ్తార్‌ని ఉరితీశారు.

ఇప్పుడు ఒక్కసారి రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఎడారి ఒకటే. శత్రువు ఒకటే. విమానాలు అవే. బావులు పూడ్చే పద్ధతి అదే. నీళ్ళ లెక్కా అదే. ఆఖరికి రెండు కథల్లోనూ పాట్ క్లేటన్ అనే మనిషి కూడా వున్నాడు. తేడా ఒక్కటే. మొదటి కథలో నలుగురికీ పేర్లున్నాయి. ఎవరి గాయం ఎక్కడో, ఏ రోజు ఎవరు పడిపోయారో, సీసాలో ఎంత మిగిలిందో రాసి వుంది. రెండో కథలో ‘శరణార్థులు’ అని ఒక మాట వుంది.

చచ్చిపోయిన నలభై వేలమందికీ డెబ్బై వేలమందికీ మధ్య ముప్పై వేల తేడా. ముప్పై వేలమంది మనుషులు చరిత్రలో అంచనా తేడాగా మిగిలారు.

పేర్లు రాసేవాడి చేతిలో కలముంటుంది, పటముంటుంది. ఉవైనాత్ కొండల సంగతే చూడండి. 1923లో ఈజిప్టు యాత్రికుడు అహ్మద్ హసనైన్ అక్కడికి చేరాడు. ప్రపంచ పటంలోకి ఆ కొండలు అప్పుడే వచ్చాయి. ‘కనుక్కున్నాడు’ అని రాశారు. అతను వెళ్ళేసరికి అక్కడ మనుషులున్నారు, మేకలున్నాయి, వాళ్ళకి హెర్రీ అనే పెద్ద కూడా వున్నాడు. అందరికీ తెలిసిన కొండని ఎవరు కనుక్కున్నట్టు? 1996లో అదే ఎడారి మీద ‘ది ఇంగ్లిష్ పేషెంట్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చి తొమ్మిది ఆస్కార్లు గెల్చుకుంది. యూరప్ మనుషుల ప్రేమకి, వియోగానికి ఆ ఇసుక చక్కటి నేపథ్యమైంది. ఆ ఇసుక కింద కుఫ్రా వాళ్ళ ఎముకలున్నాయని ఆ సినిమా చూసి ఎవరికీ తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ చరిత్రని ‘వాళ్ళు, మనం’ అని రెండు ముక్కలు చేసి చెప్పడం తేలిక. మేము ఆ పని చెయ్యం. ఎందుకంటే నిజం అలా లేదు.

ముర్జుక్ దాడిలో బ్రిటిష్ దళంతో కలిసి వెళ్ళిన వాళ్ళలో అబ్దుల్ జలీల్ సైఫ్ అన్ నస్ర్ అనే అరబ్బు షేక్ వున్నాడు. ఏళ్ళ తరబడి ఇటలీతో పోరాడి దేశం వదలాల్సి వచ్చినవాడు. అతనికది ఇంగ్లాండు యుద్ధం కాదు, సొంత లెక్క. మరోవైపు, కుఫ్రా కోటలో ఇటలీ జెండా కింద కాపలా కాసిన వాళ్ళలో ఎక్కువమంది లిబియా సిపాయిలే. వాళ్ళూ కలిమా చదివేవాళ్ళే. ఆకలి, జీతం, భయం, తెగల పాత పగలు, వాళ్ళని ఏది అక్కడికి తెచ్చిందో అది కూడా చరిత్రే. 1941 మార్చి 1న కుఫ్రాని గెలిచిన లెక్లెర్క్ సైన్యంలో ఎక్కువమంది ఆఫ్రికా సిపాయిలు. మర్నాడు స్ట్రాస్‌బుర్గ్ మీద మన జెండా ఎగిరేదాకా ఆయుధం దించం అని ప్రమాణం చేయించారు. 1943లో యూరప్ పోరాటానికి లెక్లెర్క్ కొత్త డివిజను తయారైనప్పుడు నల్లజాతి సిపాయిలని అందులోంచి తప్పించారు. ప్రమాణం అందరిదీ, ఊరేగింపు కొందరిది.

మన దేశం కూడా ఈ కథకి బయట లేదు. లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూపుతో కలిసి పనిచేసేందుకు భారత సైన్యం నుంచి ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్ ఏర్పడింది. అందులో జాట్లకొక జట్టు, రాజపుత్రులకొకటి, సిక్కులకొకటి, ముస్లింలకొకటి. ఎడారిలో నీళ్ళ డబ్బా ముందు అందరూ ఒకటే అని ఆ నలుగురి నడక చెబుతుంది. దొరల జాబితాలో మాత్రం సిపాయి ముందు తన కులం, తన మతం, ఆ తర్వాతే మనిషి. మనల్ని విడదీసి లెక్కపెట్టడం వాళ్ళు నేర్పిన విద్యే. ఆ లెక్కల పుస్తకం వాళ్ళు వెళ్ళిపోయినా మన దగ్గరే వుండిపోయింది.

తర్వాత ఏం జరిగింది? 1951 డిసెంబరు 24న లిబియా స్వతంత్రమైంది. గ్రాజియానీకి 1950లో ఇటలీ కోర్టు 19 ఏళ్ళ శిక్ష వేసింది. లిబియాలో చేసినదానికి కాదు, యుద్ధం చివర జర్మనీతో చేతులు కలిపినందుకు. కొన్ని నెలలకే విడుదలయ్యాడు. ఉమర్ ముఖ్తార్ మీద 1981లో వచ్చిన ‘లయన్ ఆఫ్ ది డెజర్ట్’ సినిమాని ఇటలీలో ఆడనివ్వలేదు. 2008లో ఇటలీ ప్రధాని బెర్లుస్కోనీ బెంఘాజీ వెళ్ళి వలస పాలన గాయాలకి క్షమాపణ చెప్పాడు. అయిదు వందల కోట్ల డాలర్లు ఇస్తామన్నాడు. 2012లో అదే ఇటలీలో, అఫిలే అనే ఊళ్ళో గ్రాజియానీకి స్మారకం కట్టారు. క్షమాపణ ఒక చేత్తో, పూలదండ ఇంకో చేత్తో.

ఎక్కడో లిబియాలో జరిగినదాంతో తెలుగు ముస్లింలకి ఏం పని అని అడిగేవాళ్ళుంటారు. అడగనివ్వండి. మా జవాబు సూటిగానే వుంటుంది.

1948 సెప్టెంబరులో హైదరాబాద్ మీద జరిగిన పోలీసు చర్య తర్వాత ఆ రాజ్యంలో ఎంతమంది ముస్లింలు చనిపోయారో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్ కమిటీని పంపింది. తక్కువలో తక్కువ 27 వేల నుంచి 40 వేల దాకా అని ఆ కమిటీ రాసింది. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలోనే వుంది. 2013లో గానీ మామూలు జనం చూడటానికి వీలు కాలేదు. అక్కడ కూడా అంతే. అంకెలున్నాయి, పేర్లు లేవు. ఇరవై ఏడుకీ నలభైకీ మధ్య పదమూడు వేలమంది అంచనా తేడాగా మిగిలారు. కుఫ్రా కథ చదువుతుంటే మాకు గుర్తొచ్చింది ఇదే. రజాకార్ల చేతుల్లో చచ్చిన వాళ్ళ పేర్లు కూడా ఇదే న్యాయంతో రాయాలని మేము అంటాం. ఒకరి పేరు రాయడానికి ఇంకొకరి పేరు చెరపాల్సిన పని లేదు.

మా అస్తిత్వం అంటే మా గొప్పలు చెప్పుకోవడం కాదు. పాదుషాల వారసత్వం మాకొద్దు. దూదేకిన వాళ్ళు, సైకిల్ షాపు పెట్టుకున్న వాళ్ళు, బీడీలు చుట్టిన అమ్మలు, ఇవీ మా ఇళ్ళు. చరిత్ర పుస్తకంలో మాకు సింహాసనాలున్నాయి, మనుషులు లేరు. అందుకే ఎక్కడ మనుషుల్ని మందగా రాసినా మా కళ్ళు అక్కడ ఆగుతాయి. అది లిబియా అయినా, ఇంకెక్కడైనా.

మూర్, ఈస్టన్, వించెస్టర్, టై. ఈ నలుగురి పేర్లు వుండాల్సిందే. సర్రా దగ్గర ఒంటరిగా పడివున్న టై, తన ప్రాణం దక్కగానే ముందున్న ముగ్గురి గురించి చెప్పాడు చూడండి, మనం చరిత్ర రాసేటప్పుడు నేర్చుకోవలసింది అదే. మనం కనపడ్డామంటే సరిపోదు. ముందు ఇంకా ఎవరో వున్నారు, వెళ్ళి వెతకండి అని చెప్పాలి.

ఉవైనాత్ నుంచి దఖ్లా దారిలో ఇంకా వున్నారు. మేము చెబుతున్నది అదే.